నరసాపురంలో పట్టాలు ఎందుకు ఆగిపోయాయి?

హైదరాబాదు నుంచి రాత్రంతా నడిచి వచ్చిన రైలు పొద్దున్నే నరసాపురం స్టేషన్లో ఖాళీ అయిపోతుంది. ఇక ముందుకు పోదు. పోవడానికి పట్టాలు లేవు. దిగినవాళ్లలో కొందరు ఊళ్లోకి నడుస్తారు, కొందరు ఆటో ఎక్కి "రేవుకి పోనీ బాబూ" అంటారు. రేవుకి వెళ్లేవాళ్లది గోదారికి అవతలి ఒడ్డు: సఖినేటిపల్లి, మలికిపురం, అంతర్వేది. మా అమ్మమ్మగారిది సఖినేటిపల్లి. అందుకని చిన్నప్పటి నుంచీ నేను ఆ ఆటోలో మనిషినే.

రేవు దగ్గర పంటు ఎక్కాలి. రెండు పెద్ద పడవల్ని పక్కపక్కన బిగించి, పైన బల్లలు పరిచి, చుట్టూ కమ్మీలు కట్టినదే పంటు. ముందు కారో ఆటోనో ఎక్కిస్తారు. దాని చుట్టూ మోటారు సైకిళ్లు ఒకదానికొకటి ఆనించి నిలబెడతారు. మిగిలిన సందుల్లో మనుషులు, పాల క్యాన్లు, అరటి గెలలు, లేసు దారపు ఉండల సంచులు. నది పోటు మీద ఉంటే, అంటే సముద్రపు నీరు ఎక్కే వేళ, పంటు నేరుగా అవతలికి వెళ్లిపోతుంది. నీరు తీసే పాటు వేళ అయితే ఇసుక మేటల్ని తప్పించుకుంటూ వంకర తిరిగి వెళ్లాలి. "కాస్త ఓపిక పట్టండి, నీళ్లు తగ్గాయి, పైనుంచి తిప్పి తీసుకెళ్తాను" అని పంటు నడిపే సరంగు చెప్పడం ఎన్నోసార్లు విన్నాను. అవతలి ఒడ్డున కొబ్బరి చెట్లు ఇక్కడి నుంచి లెక్కపెట్టుకోవచ్చు. దూరం అంతే.

ఈ రేవు మీద, ఈ రైలు మీద మాట్లాడుకునేటప్పుడు మావాళ్లు తరచూ ఒక మాట అంటారు: "వంతెన వస్తోందిగా!" ఏ వంతెన అని అడిగితే ఒక్కొక్కరు ఒక్కోటి చెబుతారు. కోటిపల్లి రైలు వంతెన అని ఒకరు, సఖినేటిపల్లి రేవు వంతెన అని ఇంకొకరు, చించినాడ వంతెన ఉందిగా అని మరొకరు. ఈ మూడూ వేరు వేరు పనులు. మూడింటి అవసరమూ వేరు. వీటిని ఒకటిగా కలిపేసి మాట్లాడటం వల్లే "అది వస్తోంది కదా, ఇది ఎందుకు" అనే వాదన పుడుతోంది. ఆ ముడి విప్పాలనే ఈ వ్యాసం.

ముందు నదిని చూడాలి. ధవళేశ్వరం దగ్గర కిలోమీటర్ల వెడల్పున్న గోదావరి, అక్కడి నుంచి పాయలుగా చీలుతుంది. సప్త గోదావరి అని మొక్కుతాం గానీ, దారులు వేసేవాడికి లెక్కకొచ్చేవి మూడే. తూర్పున గౌతమి, యానాం మీదుగా సముద్రంలోకి పోతుంది. పడమర వశిష్ట, నరసాపురాన్ని ఒరుసుకుంటూ అంతర్వేది దగ్గర కలుస్తుంది. వశిష్టలోంచే గన్నవరం దగ్గర వైనతేయ విడిపోయి ఓడలరేవు వైపు వెళ్తుంది. గౌతమికీ వశిష్టకీ మధ్య ఉన్నదే కోనసీమ. దాన్ని మళ్లీ వైనతేయ రెండు ముక్కలు చేస్తుంది.

రాజమండ్రి దగ్గర గోదావరి ఇంకా అఖండం. అక్కడ దాటాలంటే ఒక్క వంతెన చాలు. సుమారు 2.7 కిలోమీటర్ల పొడవున 1900లో హేవలాక్ వంతెన వచ్చింది, 1974లో రోడ్డు, రైలు కలిసిన వంతెన వచ్చింది, 1997లో ఆర్చ్ వంతెన వచ్చింది. కానీ ధవళేశ్వరానికి దిగువన సముద్రం పక్కగా తూర్పు నుంచి పడమరకు ఒక దారి వేయాలంటే మూడు పాయలు దాటాలి, మూడు పెద్ద వంతెనలు కట్టాలి. మద్రాసు–కలకత్తా ప్రధాన రైలు మార్గం రాజమండ్రి పట్టుకుని పోవడానికీ, డెల్టా కింది భాగం వెనకబడిపోవడానికీ ఈ లెక్కే ముఖ్య కారణం.

అసలు వెనకబడటం అన్న మాటే ఈ ఊరికి కొత్త. నీటి మీద నడిచిన కాలంలో నరసాపురం ముందున్న ఊరు. డచ్చివాళ్లు 17వ శతాబ్దం మొదట్లోనే పక్కనున్న పాలకొల్లులో వర్తక స్థావరం పెట్టారు. ఇంగ్లీషువాళ్లు నరసాపురాన్ని ఆనుకున్న మాధవాయిపాలెంలో పెట్టారు. అక్కడి నుంచి ఓడలకెక్కిన నూలు బట్ట ఐరోపాలో ఆ ఊరి పేరుతోనే, కాస్త నాలుక తిరిగిన రూపంలో, మడపోలం అని అమ్ముడయింది. ఇవాళ సఖినేటిపల్లి వెళ్లే పంటు ఎక్కేది ఆ మాధవాయిపాలెం రేవులోనే. ఒకప్పుడు ఖండాలు దాటే సరుకు ఎక్కిన రేవులో ఇప్పుడు ఒక్క పాయ దాటడానికి వరసలో నిలబడుతున్నాం.

ఓడలు రాకుండా పోవడానికి కారణం మొగ, అంటే నది సముద్రంలో కలిసే చోటు. నది మోసుకొచ్చిన ఇసుక సముద్రపు అలల దగ్గర ఆగి మేట వేస్తుంది, మొగ పూడుతుంది. ఓడలు పెద్దవయ్యేకొద్దీ లోతు ఎక్కువ కావాలి. గోదావరి మొగల్లో ఆ లోతు నిలవదు. కాకినాడకు మాత్రం ఇదే ఇసుక మేలు చేసింది. గౌతమి ఇసుకతో ఏర్పడిన హోప్ ఐలాండ్ అడ్డుగోడలా నిలబడి లోపలి నీటిని అలల నుంచి కాచింది. వర్తకమంతా అటు తరలిపోయింది.

ఓడలు తగ్గినా పడవలు తగ్గలేదు. 1847లో మొదలై 1852కి పూర్తయిన కాటన్ ఆనకట్ట పొలాలకు నీళ్లిచ్చిందనే అందరం చెప్పుకుంటాం. ఆ కాలువలు రహదారులు కూడా. లాకులు కట్టి, నీటి మట్టం ఎక్కిస్తూ దింపుతూ పడవల్ని సాగనంపేవారు. గాలి ఉంటే తెరచాప, లేకపోతే గట్టు మీద తాడు భుజాన వేసుకుని మనుషులు లాగడం. ధాన్యం, కొబ్బరి, బెల్లం, పెళ్లివారు అందరూ ఆ దారినే. కాలువ ఇంకో పాయకు అడ్డొస్తే నీటి మీద నీటినే వంతెనగా నడిపించారు. 1850ల్లో గన్నవరం దగ్గర వైనతేయ మీద ఇటుకతో కట్టిన అక్విడక్టు అలాంటిదే. దాని పక్కన ఇప్పుడున్న కొత్తదానికి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. డెల్టాలో పాయను దాటించిన తొలి పెద్ద కట్టడం మనుషుల కోసం కాదు, నీళ్ల కోసం కట్టినది. ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా నాకు ఆశ్చర్యమే.

తర్వాత రైలొచ్చింది. నరసాపురం లైను భీమవరం నుంచి వీరవాసరం, పాలకొల్లు మీదుగా సుమారు 30 కిలోమీటర్లు వచ్చి ఆగే కొమ్మ. భీమవరం నుంచి ఒక దారి గుడివాడ మీదుగా విజయవాడకు, ఇంకోటి తణుకు మీదుగా నిడదవోలుకు పోతాయి. విజయవాడ, గుడివాడ, మచిలీపట్నం, భీమవరం, నరసాపురం, నిడదవోలు కలిపి 221 కిలోమీటర్లు ఇప్పుడు డబ్లింగ్, విద్యుదీకరణ పూర్తయ్యాయి. హైదరాబాదు వైపు వెళ్లేవాడికి ఇది పెద్ద సుఖం. కానీ నరసాపురంవాడు కాకినాడకు రైల్లో పోవాలంటే ముందు వెనక్కి భీమవరం, అక్కడి నుంచి పైకి నిడదవోలు, గోదావరి దాటి రాజమండ్రి, సామర్లకోట, మళ్లీ కిందికి కాకినాడ. డెల్టా నెత్తి మీదుగా చుట్టి రావాలి. తూర్పుగా నేరుగా వెళ్లేందుకు మధ్యలో వశిష్ట అడ్డం.

(నరసాపురానికి రైల్వేవాళ్లు రాసే పేరు నర్సాపూర్. మెదక్ వైపు కూడా ఒక నర్సాపూర్ ఉంది. టికెట్టు తీసేటప్పుడు కొత్తవాళ్లు అక్కడ తికమకపడతారు.)

రోడ్డు సంగతి కాస్త మెరుగే గానీ నంబర్లు జనాన్ని గందరగోళపెట్టాయి. పాతరోజుల్లో 214 నంబరు జాతీయ రహదారి అంటే కత్తిపూడి నుంచి కాకినాడ, అమలాపురం, రాజోలు, పాలకొల్లు, భీమవరం మీదుగా పామర్రు. 214ఎ అంటే పాలకొల్లు దగ్గరి దిగమర్రులో విడిపోయి నరసాపురం, మచిలీపట్నం, బాపట్ల, చీరాల మీదుగా ఒంగోలు. 2010లో నంబర్లు మార్చినప్పుడు కత్తిపూడి నుంచి ఒంగోలు దాకా మొత్తం ఒకే దారిగా 216 అయింది, పామర్రు వైపు పోయే ముక్క 165 అయింది. పాత బోర్డులు చూసినవాళ్లు ఇప్పటికీ 214 అనే అంటారు.

ఈ 216 మూడు పాయల్నీ దాటుతుంది. యానాం–ఎదుర్లంక దగ్గర గౌతమి, బోడసకుర్రు–పాశర్లపూడి దగ్గర వైనతేయ, దిండి–చించినాడ దగ్గర వశిష్ట. యానాం వంతెన 2002లో తెరిచారు. దానికి అమలాపురం నుంచి లోక్‌సభకు గెలిచి స్పీకర్ అయిన జి.ఎం.సి. బాలయోగి పేరు పెట్టారు. అంతకుముందు అక్కడా పంటే. ఆ వంతెనలు రావడంతో అమలాపురం ఆసుపత్రికీ, కాకినాడ కాలేజీకీ వెళ్లే దారి మారిపోయింది. 1996 నవంబరు 6న తుపాను కోనసీమను ఊడ్చేసినప్పుడు సహాయం తెచ్చేవాళ్లకు కూలిన కొబ్బరి చెట్ల తర్వాత పెద్ద అడ్డంకి పాయలే. ఆ రోజులు చూసినవాళ్లకు వంతెన విలువ ఎవరూ చెప్పనక్కర్లేదు.

మరి చించినాడ వంతెన ఉండగా సఖినేటిపల్లి రేవుకు వంతెన ఎందుకు? పటం తీసి చూస్తే తెలుస్తుంది. నరసాపురం నుంచి ముందు ఉత్తరానికి దిగమర్రు దాకా ఎక్కాలి, అక్కడ తిరిగి చించినాడ దగ్గర నది దాటి దిండి, ఆపైన మలికిపురం మీదుగా మళ్లీ దక్షిణానికి దిగాలి. ఎదురుగా కనిపించే ఊరికి గుర్రపునాడాలా తిరిగి వెళ్లడం అది. హైవే పని దూరప్రాంతాల లారీలను, బస్సులను దాటించడం. ఆ పని అది చేస్తోంది. ఉదయం కాలేజీకి వచ్చి సాయంత్రం ఇంటికి పోయే పిల్లకీ, సంత రోజు రెండు గెలలు తెచ్చుకునే రైతుకీ ఆ చుట్టు పనికిరాదు.

ఒక రాత్రి మా అమ్మమ్మకు ఆయాసం ఎక్కువైంది. చూపించే డాక్టరు నరసాపురంలో. పంటు ఆగిపోయిన వేళ. కారు మాట్లాడుకుని చించినాడ చుట్టూ బయలుదేరాం. ఆ గంటకు పైగా సాగిన దారిలో ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఒకటే మాట: "ఎదురుగానే కదరా ఊరు, ఇంత సేపేంటి?" ఆవిడ కోలుకుంది. ఆ ప్రశ్న మాత్రం నాతోనే ఉండిపోయింది.

ఇప్పుడు రైలు వంతెన దగ్గరకు వద్దాం. దీని కథ నరసాపురంలో మొదలవలేదు, కాకినాడలో మొదలైంది. కాకినాడ నుంచి గౌతమి ఒడ్డునున్న కోటిపల్లి దాకా 1928లోనే రైలు నడిచింది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఇనుము అవసరమై ఆ పట్టాలు పీకేశారు. యుద్ధం అయిపోయినా తిరిగి వేయలేదు. రెండు తరాల తర్వాత బాలయోగి పట్టుపట్టడంతో ఆ 45 కిలోమీటర్ల పని కదిలింది. 2004లో మళ్లీ రైలొచ్చింది, కొన్నాళ్లు రైలు బస్సు నడిచింది. అది చూడటానికి ఆయన లేరు. 2002 మార్చి 3న కైకలూరు దగ్గర హెలికాప్టర్ ప్రమాదంలో పోయారు.

కోటిపల్లి నుంచి నరసాపురానికి 57 కిలోమీటర్ల చిల్లర. ఆ ముక్క 2000-01 రైల్వే బడ్జెట్లో మంజూరైంది. అది పూర్తయితే కాకినాడ, అమలాపురం, నరసాపురం ఒకే తీగకు గుచ్చిన పూసలవుతాయి. విజయవాడ–విశాఖ మధ్య రాజమండ్రి తాకకుండా వెళ్లే రెండో దారి ఏర్పడుతుంది. జిల్లా కేంద్రమైన అమలాపురానికి మొదటిసారి రైలు వస్తుంది. మంజూరై పాతికేళ్లు దాటింది. ఇంత ఆలస్యానికి డబ్బు ఒక కారణం. ఖర్చులో నాలుగో వంతు రాష్ట్రం పెట్టుకోవాలన్నది ఒప్పందం, కాబట్టి ఇద్దరి చేతులూ కలిస్తేనే పని నడుస్తుంది. భూమి ఇంకో కారణం. కోనసీమలో పొలమంటే చిన్న చిన్న కమతాలు, పక్కపక్కనే ఇళ్లు, కొబ్బరి తోటలు. అర ఎకరం పోతే బతుకే పోయే కుటుంబాలున్నాయి. వాళ్లు ఎదురు చెప్పడాన్ని నేను తప్పు పట్టలేను.

అన్నిటికన్నా తక్కువగా అర్థమయ్యేది నేల సంగతి. డెల్టాలో తవ్వితే రాయి తగలదు. బురద, ఇసుక, మళ్లీ బురద. అందుకని నదిలో స్తంభం లేపాలంటే ముందు బావి దించాలి. గుండ్రని కాంక్రీటు బావి కట్టి, లోపలి ఇసుకను తోడుతూ పోతే అది తన బరువుకి తానే కిందికి దిగుతుంది. పైన ఇంకో వరస కడతారు, ఇంకా తోడతారు. ఒక పక్కకు ఒరిగితే సరిచేసేదాకా పని ఆగాలి. ఎందుకంత లోతు అంటే వరద. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు పోయింది. అంత నీరు పాయల్లో పరిగెత్తినప్పుడు స్తంభం చుట్టూ ఇసుక కొట్టుకుపోతుంది. ఆ కోత ఎంత లోతుకు పోయినా బావి అడుగు అంతకంటే కిందే ఉండాలి. పని చేయడానికి దొరికేదేమో వరద లేని నెలలే. సముద్రానికి దగ్గరయ్యేకొద్దీ పోటుతో ఉప్పు నీరు ఎక్కుతుంది, కాంక్రీటులో ఇనుము తుప్పు పట్టకుండా కాచుకోవాలి.

వంతెనతో అయిపోదు. దాని మీదికి ఎక్కే గట్టు కావాలి. కింద వేటపడవలు, లాంచీలు పోవాలి కాబట్టి వంతెన ఎత్తులో ఉండాలి. పది మీటర్ల ఎత్తు ఎక్కాలంటే రోడ్డు 30 మీటర్లకు ఒక మీటరు చొప్పున ఎక్కితే 300 మీటర్లు చాలు. రైలు అంత ఏటవాలు ఎక్కలేదు. 200 మీటర్లకు ఒక మీటరు అనుకుంటే రెండు కిలోమీటర్ల గట్టు పోయాలి. ఆ గట్టు మెత్తటి నేల మీద పోస్తే కొన్నాళ్లు కుంగుతూనే ఉంటుంది, ఆగేదాకా చూడాలి. పైగా డెల్టాలో నీళ్లిచ్చే కాలువ ఒకటి, మురుగు తీసే డ్రెయిన్ ఒకటి, మధ్యలో లెక్కలేనన్ని బోదెలు. గట్టు వీటన్నిటినీ అడ్డంగా కోస్తుంది. ప్రతిదానికీ తూము వదలాలి. ఒక్కటి మర్చిపోయినా, చిన్నది పెట్టినా, ఆ ఏడాది వానకు పైనున్న చేలు మునిగిపోతాయి. రైలు కావాలని అడిగే నోటితోనే తూముల గురించీ అడగాలి. అది ఎవరూ అడగటం లేదన్నదే నా దిగులు.

"రాజమండ్రిలోలా ఒకే వంతెన మీద రోడ్డూ రైలూ పెట్టేయొచ్చుగా?" అని కొందరంటారు. అడగదగిన ప్రశ్నే. రాజమండ్రిలో రెండు దారులకూ దాటాల్సిన చోటు ఒకటే. ఇక్కడ అలా కుదరదు. రైలు దారి వశిష్టను రేవుకు బాగా ఎగువన, దిండి వైపు దాటాలి. ఆ పక్కనే హైవే వంతెన ఉంది, అక్కడ ఇంకో రోడ్డు అక్కర్లేదు. రోడ్డు కావాల్సింది దిగువన, రేవు దగ్గర. ఇళ్లున్న రెండు ఒడ్ల మధ్య దాన్ని దించాలి, మొగకు దగ్గరగా నది వెడల్పూ పోటూ తట్టుకోవాలి, కింద వేటపడవలకు దారి వదలాలి. అందుకే ఆ వంతెన అంచనా పెరుగుతూ పోయింది. శంకుస్థాపన ఒకటికి మించే జరిగింది, పని మాత్రం నిలబడలేదు. నది రెండు జిల్లాల సరిహద్దు కూడా. ఇటు పశ్చిమ గోదావరి, అటు 2022 ఏప్రిల్ 4న తూర్పు గోదావరి నుంచి విడిపోయిన కోనసీమ, ఇప్పటి పేరు డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ. పంటులో నిలబడ్డవాడు ఏ కలెక్టరుకు అర్జీ పెట్టుకోవాలి?

వంతెన వచ్చేదాకా పంటే రవాణా. అది గతం మిగిల్చిన వింత కాదు, రోజూ వేల అడుగులు పడే దారి. రేవును ఏటేటా వేలం పాటకిస్తారు. పాట పాడినవాడు పెట్టిన డబ్బు రాబట్టుకోవాలి కాబట్టి పంటు నిండా ఎక్కిస్తాడు. ఇది మనిషి దురాశ అని తీసిపారేయకుండా, పాట షరతుల్లోనే ఎంతమంది, ఎన్ని బళ్లు, ఎన్ని లైఫ్ జాకెట్లు, రాత్రి ఆసుపత్రి కేసుకు ఒక బోటు సిద్ధంగా ఉండాలా లేదా అన్నది రాసి, రేవులో బోర్డు కట్టించాలి. పోటు పాటుల వేళలు లెక్కగట్టి ముందే తెలిసేవే, వాటినీ ఆ బోర్డు మీదే రాయొచ్చు. ఒడ్డున ఎక్కే దిగే బల్ల జారకుండా చూడటానికి వంతెన బడ్జెట్ అక్కర్లేదు. కార్తీకంలో, అంతర్వేది కల్యాణం రోజుల్లో ఆ బల్ల మీద ముసలివాళ్లు ఎలా దిగుతారో ఒక్కసారి చూసినవారికి నేను చెప్పేది అర్థమవుతుంది.

కోటిపల్లి వెళ్లినప్పుడు అక్కడి రేవులో కాసేపు నిలబడ్డాను. గౌతమి నీటిలో రైలు వంతెన స్తంభాలు లేచి నిలబడి ఉన్నాయి. అక్కడి నుంచి ముక్తేశ్వరానికి పంటు వెళ్తోంది. దాంట్లో ఒకాయన మోటారు సైకిలు, వెనక రెండు గడ్డి మోపులు. నాళ్లు గడిచి రైలొస్తుంది, ఆ స్తంభాల మీదుగా విశాఖ దాకా వెళ్తుంది. ఆ మోటారు సైకిలూ ఆ గడ్డి మోపులూ మాత్రం రైలెక్కవు. పంటు అవతలి ఒడ్డుకు చేరింది, ఆయన బండి దింపుకుని గట్టెక్కి వెళ్లిపోయాడు.